ఫైరింజను షెడ్డులో ఖాళీ ఊయల

దగ్గరికి జరగండమ్మా. ఇంకొంచెం. గోడకి ఆనుకోండి, కాళ్ళు చాపుకోండి, నేనేమీ అనుకోను. ఇది గట్టిగా చెప్పే మాట కాదు. నేను చదివింది మూడో తరగతి. రాసే చెయ్యి మెల్లగా పోతుంది గాని, చూసింది మాత్రం కళ్ళలో నుంచి పోదు.

మా ఊరు నాయుడుపేట నుంచి సముద్రం పక్కకు పోయే రోడ్డులో ఉంది. ఊరి మొదట్లోనే పాత ఫైరాఫీసు. ఫైరింజన్లు నిలబెట్టే పెద్ద షెడ్డు, మనిషికి రెండింతలు ఎత్తు ఎర్ర తలుపులు, మిద్దె మీద సైరను. గడ్డివాము అంటుకున్నా, గుడిసెలు తగలబడినా ఆ సైరనే కూసేది. తుపాను వస్తుందంటే జనాన్ని లేపేదీ అదే. సునామీ వచ్చిన నాడు మాత్రం అది కూసేలోపలే నీళ్ళు వచ్చేసినాయి. అప్పటినుంచి మా వాళ్ళకు సైరను వినపడితే ఆలోచన ఉండదు. కాళ్ళే ముందు లేస్తాయి.

తర్వాత ఫైరింజన్లను హైవే పక్కన కొత్త బిల్డింగుకు మార్చేసినారు. పాత షెడ్డుకు తాళం పడింది. గబ్బిలాలు చేరినాయి. సైరను తుప్పు పట్టిందని విప్పకుండా వదిలేసినారు.

మా సంఘానికేమో మందిరం లేదు. రేకుల కింద ఆరాధన చేసుకుంటా ఉంటే, ఒక గాలివానకు ఆ రేకులు లేచిపోయి పక్క కయ్యల్లో వరి మీద పడినాయి. అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, పోయి ఫైరాఫీసు స్థలం గల ఆసామిని అడిగినారు. ఆయన మా మతం కాదు. అయినా, "తాళం వేసి నేనేం చేసుకుంటా, దేవుడి పనికి వాడుకోండి" అన్నాడు. అట్టా ఫైరింజను షెడ్డు మాకు మందిరమయింది.

అందరూ సంతోషపడినారు. నాకు మాత్రం మొదటి రోజే భయం పట్టుకుంది. షెడ్డు నడిమధ్య నేలలో ఒక చదరం రంధ్రం, దాని మీద ఇనుప మూత. మూత లాగితే కింద సంపు. ఫైరింజన్లకు నీళ్ళు పట్టే సంపంటే మన ఇళ్ళల్లో సంపు లాంటిది కాదు. షెడ్డు ఎంత ఉందో కింద అదీ అంత ఉంది. నేను వంగి "ఓయ్" అంటే, లోపల ఎవరో కాసేపు ఆగి తిరిగి పలికినట్టు వచ్చింది.

నా భయం నా గురించి కాదు. నా మనవరాలి గురించి. అప్పటికి దానికి రెండేళ్ళు నిండినాయి. నా కొడుకు లారీ మీద పోతే ఎప్పుడొస్తాడో తెలియదు. కోడలు తడ పక్క చెప్పుల కంపెనీలో పని, తెల్లారకముందే బస్సెక్కి పొద్దుగూకినాక దిగేది. ఎక్కేముందు రోజూ ఒకటే మాట. "అత్తా, బిడ్డ జాగ్రత్త." అంతే. ఇంకేం చెప్పేది కాదు. ఆ రెండు ముక్కలు సాయంత్రం దాకా నా మెడకు వేలాడతా ఉండేవి.

"ఈ సంపు ఇసకతో పూడ్చేద్దాం అయ్యగారూ" అన్నా నేను.

అయ్యగారు పలికేలోపలే మా వదిన లేచింది. మా ఆయన అక్క ఆమె. నోరు పెద్దది, చెయ్యి కూడా పెద్దదే, పెట్టేటప్పుడు. "పూడ్చేదేంది మే! పైన పగలగొట్టి మెట్లు కట్టుకుంటే బాప్తిస్మం తొట్టి అవుతుంది. ఇన్నాళ్ళూ కాలవలోకి పోయి, బర్రెల పక్కన నిలబడి బాప్తిస్మాలు తీసుకుంటిమి. దేవుడు తొట్టి కట్టించి ఇస్తే ఈమె ఇసక పోస్తదంట!"

అందరూ నవ్వినారు. అయ్యగారికీ ఆ మాట నచ్చింది. బాప్తిస్మం తొట్టి అన్నాక ఎదురు చెప్పే నోరు ఎవరికుంటుంది?

ఇక శుభ్రం చేసే పని. ఆడవాళ్ళమే ఎక్కువ. "పని చేసే చోటని చూడొద్దు, ఈ రోజు నుంచే ఇది మందిరం" అని వదిన అందరి చేతా చెప్పులు తలుపు దగ్గరే విడిపించేది. కిటికీ ఊచకూ, పాత నీళ్ళ గొట్టం తగిలించే కొక్కేనికీ నా చీర కట్టి ఊయల వేసినా. బిడ్డ అందులో పడుకునేది. పడుకుంటే బాధ లేదు. లేస్తే మాత్రం జర్రున దిగి, నీళ్ళు తోడేందుకు మూత తీసిన సంపు దగ్గరికే నేరుగా. వస్తువు ఏది దొరికినా లోపల వేసి, బుడుంగ్ మంటే చప్పట్లు కొట్టేది. గరిటె వేసింది. టీ గ్లాసు వేసింది. నేను పరుగెత్తి రెక్క పట్టుకుని లాగితే, "అవ్వా, బుడుంగ్" అని నవ్వేది. నాకు నవ్వు వచ్చేది కాదు. రాత్రి పడుకున్నా చెవిలో ఆ చప్పుడే.

ఇంకొకటి చెప్పాలి, లేకపోతే తర్వాతది మీకు అర్థం కాదు. అంతకు ముందు వారమే మాకు ఉజ్జీవ కూటాలు జరిగినాయి. బయటనుంచి వచ్చిన బోధకుడు ప్రభువు రెండో రాకడ గురించి చెప్పినాడు. కడబూర మోగుతుంది, రెప్పపాటులో విశ్వాసులంతా ఆకాశానికి ఎత్తబడతారు అన్నాడు. పొయ్యి మీద అన్నం పొయ్యి మీదే ఉంటుంది, విడిచిన చెప్పులు విడిచినచోటే ఉంటాయి, మిగిలిపోయినవాళ్ళు ఒక్కొక్కరినే పిలుచుకుంటా తిరుగుతారు అన్నాడు. పందిట్లో చంటిబిడ్డలు కూడా ఏడవలేదు ఆ పొద్దు.

సంపులో నీళ్ళు తోడేసినాక అడుగున మోకాలి దాకా బురద మిగిలింది. ఆ రంధ్రంలో పట్టే మనిషిని నేనే. బక్కదాన్ని. ముందురోజు రాత్రి మూత మూయకుండా గాలి ఆడనిచ్చినారు. ఇనుప నిచ్చెన వేసినారు. బిడ్డ నిద్రపోయినాక, "వదినా, చూస్తా ఉండు. లేచిందంటే ఎత్తుకో" అని చెప్పి దిగినా.

"నువ్వు దిగు మే, నా కన్ను దాని మీదే ఉంది" అనింది.

లోపల చల్లగా ఉండింది. కప్పల వాసన. బురద తట్టకెత్తి ఇస్తే పైన ఆడవాళ్ళు తాడుతో లాక్కునేవాళ్ళు. రంధ్రం కింద పైపై బురద ఎత్తేసినాక, సెల్లు వెలుతురులో నడిమి స్తంభం దాటి అవతలి మూలకు పోయినా. పైన కరెంటు పని అతను బోర్డు దగ్గర ఏదో చేస్తా, "అక్కా, ఇప్పుడు లైను ఇచ్చేస్తారు, మీకు లోపలికి బల్బు వేలాడదీస్తా" అని కేకేసినాడు. సరే నాయనా అన్నా.

అప్పుడు మోగింది.

అది సైరనని ఇప్పుడు మీకు చెప్తున్నా. అప్పుడు నాకు తెలియలేదు. ఆ సంపు గోడలన్నీ కలిసి మూలిగినట్టు, మూలిగి మూలిగి పైకి లేచి, లేచిన చోట ఆగకుండా నిలబడిపోయింది ఆ శబ్దం. కాళ్ళ కింద బురద వణికింది. నా పళ్ళు వణికినాయి. సెల్లు చేతిలోంచి జారి బురదలో పడి ఆరిపోయింది. చెవులు మూసుకుని గోడకి కరుచుకుపోయినా. ఎంతసేపో తెలియదు. పిడుగు పడినట్టు టప్పుమని ఆగిపోయింది.

"వదినా!" అన్నా. పలకలేదు.

"ఎవరమ్మా పైన?" నా గొంతే తిరిగి వచ్చింది.

తడుముకుంటా వచ్చి నిచ్చెన ఎక్కి తల బయట పెట్టినా. షెడ్డులో మనిషి లేదు. చీపుర్లు పడినచోట పడి ఉన్నాయి. టీ గ్లాసుల్లో ఆవిరి ఇంకా లేస్తా ఉండింది. తలుపు దగ్గర చెప్పులన్నీ విడిచినవి విడిచినట్టే, వరసగా. ఒక్క జత తగ్గలేదు.

ఊయల ఊగుతా ఉంది. ఖాళీగా.

నాకు అర్థమైపోయింది. బూర మోగింది. అందరూ పోయినారు. నన్ను గుంటలో వదిలేసినారు.

నా బిడ్డ దేవుడి దగ్గరికే పోయింది గదా, సంతోషపడాలి గదా. అమ్మా, నాకు సంతోషం రాలేదు. ఆ ఊయల గుడ్డ పట్టుకుంటే ఇంకా వెచ్చగా ఉంది. "ప్రభువా, అది నా చెవి తమ్మె పట్టుకోకపోతే నిద్రపోదు. అక్కడ ఎవరి చెవి పట్టుకుంటుంది? నన్ను కూడా తీసుకోలేకపోయినావా? దాని తల్లికి నేనేం చెప్పేది?" అని పెద్దగా అడిగినా. గబ్బిలాలు కూడా లేవు ఆ పైకప్పులో. అవి కూడా పోయినాయి అనుకున్నా.

రోడ్డు మీదికి పరుగెత్తినా. ఎవరూ లేరు. సైకిలు ఒకటి అడ్డంగా పడి ఉంది. ఎదురుగా టీ కొట్టులో పాలు పొంగి స్టవ్వు మీదికి కారతా ఉన్నాయి. టీ కొట్టాయన లేడు.

అక్కడ ఆగింది నా కాలు. ఆయన మా విశ్వాసి కాదే! పొద్దున్నే విభూది పెట్టుకుని, దేవుడి పటానికి అగరొత్తి తిప్పి గాని స్టవ్వు అంటించడే! ఆయన్ని తీసుకుని నన్ను వదిలేస్తాడా దేవుడు? లేదు. ఇది బూర కాదు. ఇంకేదో జరిగింది.

మీరంటారు, అప్పుడు భయం తగ్గి ఉంటుంది గదా అని. లేదమ్మా. అసలు భయం అప్పుడే వచ్చింది. బిడ్డ దేవుడి దగ్గర లేకపోతే, ఎక్కడుంది? అందరూ దేనికో బెదిరి, బిడ్డను మరిచి పరుగెత్తి ఉంటే, ఊయల ఎందుకు ఊగింది? అది దిగింది. దిగితే ఎక్కడికి పోతుందో నాకు తెలియదా? మూత తీసి ఉంది. ఆ శబ్దంలో నా వెనకాలే పడినా నాకు వినపడదు.

ఎట్టా వెనక్కి వచ్చినానో, నిచ్చెన ఎన్ని మెట్లు వదిలి దూకినానో తెలియదు. ఆ చీకట్లో బురదలో మోకాళ్ళ మీద పడి రెండు చేతులతో వెతికినా. పేరు పెట్టి పిలవడానికి నోరు రాలేదు. చేతికి గరిటె తగిలింది. పారేసినా. ఇటుక ముక్క తగిలింది. తర్వాత మెత్తగా, చిన్నగా, నా అరచెయ్యంత ఒకటి తగిలింది.

బిడ్డ చెప్పు. ఎడమ కాలిది.

ఇప్పుడు ఒక్క క్షణం ఉండండి. నీళ్ళు తాగుతా.

ఆ చెప్పు చీర కుచ్చెళ్ళలో దోపుకుని మళ్ళీ వెతికినా. వేళ్ళు ఎక్కడ తగిలితే ఏమవుతుందో అని భయం, తగలకపోతే ఇంకా భయం. నా జీవితంలో చాలా పోగొట్టుకున్నా గాని, దొరకొద్దు దొరకొద్దు అనుకుంటా వెతికింది మాత్రం ఆ ఒక్కసారే.

"ఏం వెతుకుతున్నావు మే, ఆ చీకట్లో?"

తలెత్తితే, రంధ్రంలో వెలుతురు. వెలుతురులో వదిన తల. దాని పక్కన ఇంకో చిన్న తల.

"అవ్వా! బుడుంగ్!"

నేను పైకి ఎక్కలేదు. వాళ్ళే లాగినారు. వదిన చీర కుచ్చెళ్ళు ఊడిపోయి ఉన్నాయి, కాళ్ళు రక్తాలు కారతా ఉన్నాయి, ముళ్ళూ గాజుపెంకులూ ఏవీ చూడకుండా పరుగెత్తింది. సంగతేందంటే, లైను వచ్చేసరికి సైరను స్విచ్చి ఎన్నేళ్ళ నాడు వేసింది వేసినట్టే ఉండిందంట. అది కూయగానే ఎవరో "సముద్రం వస్తోంది" అన్నారు. ఇంకేముంది, ఊరు ఊరంతా హైవే పక్కకు ఒకటే పరుగు. టీ కొట్టాయనా, అయ్యగారూ, అందరూ. కరెంటతను మెయిను లాగేసి, "ఏం లేదు, రండి రండి" అని అరుస్తా వాళ్ళ వెనకాల పరుగెత్తినాడంట. ఆయన అరుపు విని జనం ఇంకా జోరుగా పరుగెత్తినారంట.

వదిన ఊయలలోంచి బిడ్డను లాక్కుని పరుగెత్తింది. రోడ్డు మలుపు దాకా పోయినాక బిడ్డ "అవ్వేది?" అనిందంట. అప్పుడు గుర్తొచ్చినా నేను. సముద్రం వస్తోందనే నమ్మకంతోనే, చంకలో బిడ్డతో, జనానికి ఎదురు తిరిగి వచ్చింది వదిన.

"ఒక్కరం కూడా నిన్ను పిలవలేదు మే" అనింది. "ఒక్కరం కూడా." నేను బురద చేతులతోనే ఆమె మెడ పట్టుకుని ఏడ్చినా. బిడ్డ నా చీరలోంచి తన చెప్పు లాగి చూసుకుంటా ఉంది. పొద్దున ఎప్పుడు వేసిందో లోపల, ఎవరూ చూడలేదు.

సాయంత్రం కోడలు బస్సు దిగితే నేనే అంతా చెప్పినా. అది బిడ్డను తీసుకుని, నా పక్కనే నేల మీద కూర్చుండిపోయింది. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండనిపించింది.

మరుసటి రోజు అయ్యగారు ఇసక ట్రాక్టరు పిలిపించినారు. "మరి బాప్తిస్మాలు?" అని ఎవరో గొణిగితే, "బర్రెల పక్కనే తీసుకుందాం. బర్రెలు మనల్ని ఏమన్నా అన్నాయా?" అని కసిరి, మొదటి తట్ట వదినే పోసింది, కాళ్ళకు గుడ్డలు చుట్టుకుని. సైరను కిందికి దించేసినారు.

ఇప్పుడు ఆ చోటు మీద చాప వేసి ఉంటుంది. ఆదివారం నేను అక్కడే కూర్చుంటా, మనవరాలు నా ఒళ్ళో. కూర్చున్నంతసేపూ నా అరికాళ్ళు కింద ఇసక గట్టిగా ఉందో లేదో చూస్తానే ఉంటాయి. ఆరాధన అయినాక ఆ ఎర్ర తలుపులు మూసేముందు, వదిన లోపలికి తిరిగి, మూలమూలకూ వినపడేట్టు, "ఎవరమ్మా ఇంకా లోపల?" అని అరుస్తుంది. జవాబు రాకపోయినా ఇంకోసారి అరిచి గాని గడి వెయ్యదు.

పొద్దుపోయింది, ఇంక లేవండి. మీ ఇల్లు చల్లగా ఉండాల. మీ ఊయలలు నిండుగా ఊగాల. ఎప్పుడైనా అందరూ లేచి పరుగెత్తే పూట వస్తే, రాకూడదు గాని వస్తే, మీ ఇంట్లో కడపటి మనిషిని కూడా పేరు పెట్టి పిలిచే నోరు ఒకటి ఉండాల. ఆ నోరు చల్లగా నూరేళ్ళు బతకాల.