బీవర్ దిబ్బలో పాలు

న్యూజెర్సీలో మేముండే అపార్ట్‌మెంట్ల వెనకంతా చిత్తడి నేల. అందులో కుక్కంత ఎలుకల్లా ఉండే బీవర్లనే నీటిజంతువులు కట్టుకున్న ఆనకట్ట ఉండేది. ఆ వేసవంతా కిటికీలోంచి వాటిని చూడడమే నా కాలక్షేపం. మొదటి కడుపు మూడో నెలలోనే పోయింది. ఈసారి నిలిచింది. బయటికెళ్లాలంటే భయం, ఇంట్లో కూర్చోవాలంటే విసుగు.

అవి కొమ్మలు ఈడ్చుకొచ్చి, బురద మెత్తి, కట్టను పెంచుతూనే ఉండేవి. ఆగస్టులో నేను కూర్చున్న బెంచీ అక్టోబరుకల్లా నీళ్లలో మునిగింది. ఎందుకో నాకది నచ్చలేదు. మనిషి అలికిడైతే చాలు, ఒకటి తోకతో నీళ్లమీద ఫట్టుమని కొట్టేది, మిగతావన్నీ మాయం. ఆ చప్పుడుకి నా గుండె ఝల్లుమనేది. ఆరో నెల వచ్చాక లోపల బిడ్డ కూడా ఉలిక్కిపడి తన్నేది.

నాగుల చవితి ముందురోజు మా అత్తగారు వీడియో కాల్ చేశారు.

"కిందటేడు పుట్టలో పాలు పొయ్యలేదు, ఏమైందో చూశావుగా. ఈసారైనా పొయ్యమ్మా."

ఒళ్లు మండిపోయింది. అయినా ఆ మాట లోపలెక్కడో గుచ్చుకుని ఉండిపోయింది. ఇక్కడ పుట్ట ఎక్కణ్ణుంచి తేను? ఒడ్డునానుకుని బీవర్ల ఇల్లుంది, బురదా కొమ్మలూ కలిసిన నడుమెత్తు దిబ్బ. చూడ్డానికి పుట్టలాగే ఉంటుంది.

"పిచ్చా నీకు?" అన్నాడు మా ఆయన. "అందులో పామెక్కడుంది? బీవర్లు ఒడ్డు కింద సొరంగాలు తవ్వుతాయి, అటు నడవద్దని మెయింటెనెన్స్ అతను ఎన్నిసార్లు వార్న్ చేశాడు!"

"వస్తే రా, లేకపోతే మానెయ్."

నాదంతా మొండితనమే.

తెల్లవారాక చెంబుతో పాలు, చలిమిడి, చిమ్మిలి పట్టుకుని బయల్దేరాను. ఆయన సణుక్కుంటూ వెనకే వచ్చాడు. పసుపూ కుంకుమా చల్లి వంగానో లేదో, ఫట్! తోక దెబ్బ. నన్ను పొమ్మంటున్నట్టే ఉంది. నేను ఆగలేదు. కొమ్మల సందులో పాలు పోసి, చలిమిడి పెడదామని ఇంకో అడుగు వేశాను. కాళ్ల కింద నేల కుంగిపోయింది.

నడుం దాటి దిగబడ్డాను. చన్నీళ్లు పొట్టను పట్టేశాయి. ఆయన చంకల కింద చేతులేసి, నానా తంటాలూ పడి బయటికి లాగాడు. గడ్డిలో వెల్లకిలా పడి, పొట్టమీద రెండు చేతులూ వేసుకున్నాను.

"కదిలిందా?"

"లేదు."

"ఇప్పుడు?"

"లేదన్నానుగా!" అని అరిచాను.

పాము లేని దిబ్బకి పాలు పోయడానికొచ్చి కడుపులో బిడ్డను పోగొట్టుకున్నానా అనిపించింది. అంత భయం, అంత సిగ్గు నేనెన్నడూ ఎరగను. ఆయన అంబులెన్స్‌కి కాల్ చేశాడు.

నీళ్లమధ్య బీవర్ మళ్లీ తోకతో కొట్టింది. లోపల బిడ్డ తన్నింది. నేను భోరుమన్నాను.

సాయంత్రం ఆస్పత్రి మంచం మీంచే ఫోన్ చేశాను. "పాలు పోశాను అత్తయ్యా."

"హమ్మయ్య, ఇంక నీ బిడ్డకి ఏ భయమూ లేదు తల్లీ," అన్నారావిడ.

నేను మాత్రం పొట్టమీంచి చెయ్యి తియ్యలేదు.