జాడీ మీద స్పీకరు

ఇప్పుడు దాన్ని హోం థియేటర్ అంటున్నారు. అట్టపెట్టె విప్పి వైర్లు తగిలిస్తే చాలు, గది ఎంతుందో, గోడలు ఎక్కడున్నాయో అదే చూసుకుని శబ్దాన్ని సర్దుకుంటుందట. మా రోజుల్లో సర్దుకోవాల్సింది ఇంట్లో మనుషులు. నా సంగతి తెలుసు కనుక చెబుతున్నాను.

ఎనభైల చివర్లో నేను నూజివీడులో ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాని. ఇంట్లో నేను, నా భార్య, అమ్మ. నాన్న పోయి చాలా ఏళ్లయింది. ఒక్కగానొక్క చెల్లెల్ని ఉంగుటూరు ఇచ్చాం. రంగుల టీవీ ముందే ఉంది, గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన ఒకాయన దగ్గర క్యాసెట్లు వేసి సినిమా చూసే వీసీపీ కూడా సంపాదించాను. దాంతో మా వీధిలో నాకొక హోదా వచ్చింది. కానీ టీవీ గొంతు ముక్కుతో మాట్లాడినట్టు ఉండేది. మా ఇంటి హాల్లో సినిమా చూస్తే గుండె అదరాలని నా కోరిక. ఎవరి గుండె అని అప్పుడు ఆలోచించలేదు.

రేడియో మెకానిక్ ఒకతను యాంప్లిఫయర్ తయారుచేసి ఇచ్చాడు. దానికి బాస్, ట్రెబుల్, బ్యాలెన్స్ అని మూడు నాబ్‌లు. టీవీకి అటొకటి ఇటొకటి చెక్క స్పీకరు బాక్సులు. విడిగా ఇంకొక ఎనిమిదంగుళాల స్పీకరు చేతికిచ్చి, "దీన్ని కుండ మూతి మీద బోర్లించండి సార్, గుండెల్లో మోగుద్ది" అన్నాడు. అప్పట్లో కాఫీ హోటళ్లలోనూ, సైకిల్ షాపుల్లోనూ కుండ మీద స్పీకరు బోర్లించడం మామూలే. ఇప్పటివాళ్లు సబ్‌వూఫర్ అనేది మాకు కుండే.

నెలరోజులు నాకు వేరే లోకం లేదు. మంచినీళ్ల కుండ పెడితే ఊళపెట్టినట్టు వచ్చింది. బియ్యం పోసుకునే పాత బాన పెడితే మూతి పెద్దదై స్పీకరు లోపలికి జారిపోయింది. ఒక ఆదివారమంతా బాస్ ఎంత పెంచినా శబ్దం డొల్లగానే ఉంటే, మెకానిక్ వచ్చి ఒక బాక్సుకు ఎర్ర వైరు, నల్ల వైరు తారుమారుగా తగిలించానని చూపించాడు. ఒక బాక్సు శబ్దాన్ని ఇంకో బాక్సు కొట్టేస్తోందన్నమాట. అవి మార్చగానే గది నిండింది. కుండ కథ మాత్రం తేలలేదు.

అప్పుడు వంటింట్లో అటక కింద అమ్మ ఆవకాయ జాడీ కనబడింది. నడుం ఎత్తు పింగాణీ జాడీ. చైత్రమాసం కనుక పచ్చడి అడుక్కి వచ్చి, మిగిలింది చిన్న జాడీలోకి తీసి, అమ్మ దాన్ని కడిగి ఎండబెట్టి ఉంచింది. స్పీకరు తెచ్చి పెడితే దాని మూతికి కొలిచి చేసినట్టు సరిపోయింది. అదురు రాకుండా సైకిల్ ట్యూబు కోసి జాడీకీ స్పీకరుకీ మధ్యలో చుట్టులా వేశాను, లోపల గుప్పెడు దూది పెట్టాను, హాల్లో మూలకు జరిపాను. మూలలో బాస్ ఇంకా లేచింది. నా భార్య గోళ్లరంగు సీసా తెచ్చి మూడు నాబ్‌ల మీదా గుర్తులు పెట్టాను. జాడీ చుట్టూ నేల మీద సుద్దముక్కతో గీత గీశాను. ఊడ్చేటప్పుడు గీత దాటొద్దని ఇంట్లో ఆడవాళ్లకు ఆర్డరు. అంత మొనగాడిని.

మా అమ్మ గురించి ఒక మాట చెప్పాలి. ఏ చీర కొనాలో, ఏ కూర వండాలో, చెల్లెల్ని ఎప్పుడు పిలవాలో, అన్నీ నేను చెప్పేవాణ్ణి. అమ్మ మాట చెల్లేది ఏడాదికి నాలుగే రోజులు, ఆవకాయ పెట్టే రోజుల్లో. ఆ నాలుగు రోజులూ వీధిలో వాళ్లు కూడా మా ఇంటికి వచ్చి, "పిన్నిగారూ, ఈ కాయ పనికొస్తుందా, ఈ నూనె ఆగుతుందా" అని అడిగి వెళ్లేవాళ్లు. ముసునూరు తోటల నుంచి కాయలు దిగితే ముందు ఆవిడ చేతిలో పడాల్సిందే. ఇదంతా నాకు తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే వీల్లేదు.

వైశాఖంలో ఒక ఆదివారం పొద్దున కాయలు వచ్చాయి. ఆ మధ్యాహ్నమే మా ఆఫీసరు గారు కుటుంబంతో సినిమా చూడ్డానికి మా ఇంటికి వస్తున్నారు. అమ్మ హాలు గుమ్మంలో నిలబడి అడిగింది.

"నాయనా, ముక్కలు కొట్టించేశాను. జాడీ ఇచ్చెయ్యవా?"

"ఇప్పుడు దాన్ని కదిపితే సెట్టింగంతా పోద్దమ్మా. ఇంకో దాంట్లో పెట్టు."

"ఇంకోటి ఎక్కడుంది నాయనా అంతది?"

నేను సైకిలేసుకెళ్లి బజార్లో మూతి సన్నటి ప్లాస్టిక్ డ్రమ్ము ఒకటి తెచ్చాను. బావి దగ్గర కడిగి, బోర్లించి, పది నిమిషాలు కూడా ఆగకుండా వంటింట్లో పెట్టాను. అడుగున నీటి చెమ్మ నా కళ్లకు కనబడింది. అమ్మ చెయ్యి అడుగుదాకా అందదు.

"ఆరిందా నాయనా?" అని కేకేసింది.

"ఆరింది" అన్నాను. అప్పటికి బాస్ నాబ్ మీద ఉంది నా చెయ్యి. తలెత్తి కూడా చూడలేదు.

ఆఫీసరు గారు వచ్చారు. ఫైటింగు సీనులో గుద్దు పడ్డప్పుడల్లా కిటికీ రెక్కలు కొట్టుకున్నాయి. "ఏంటండీ, సినిమాహాలు తెచ్చి ఇంట్లో పెట్టేశారు!" అన్నారాయన. ఆ ఒక్క మాట పట్టుకుని వారం రోజులు బతికాను. వంటింట్లో అమ్మ ఒక్కతే ఆవకాయ కలిపి డ్రమ్ముకెత్తింది.

శ్రావణంలో మూత తీస్తే పైనుంచి కిందిదాకా బూజు. ముక్కలు మెత్తబడి చేతికి అంటుకున్నాయి. చెల్లెలు తన వాటాకి డబ్బా తెచ్చుకుని అప్పుడే వచ్చి కూర్చుంది. పక్కింటావిడ కూడా ఉంది. అందరూ నావైపు చూశారు. నిజానికి ఎవరూ చూసి ఉండరు, నాకే అలా అనిపించింది. నోరు ఊరుకోలేదు.

"ఉప్పు తక్కువేసుంటావు. చెయ్యి తప్పుతోందమ్మా నీకు" అన్నాను.

అమ్మ గరిటె పట్టుకుని డ్రమ్ములోకి చూసింది. తర్వాత పెరట్లో గొయ్యి తీయించి అంతా పూడ్పించింది. ఖాళీ డబ్బాతో చెల్లెలు సాయంత్రం బస్సెక్కింది. తడి డ్రమ్ము సంగతి ఆ రోజు చెప్పి ఉంటే అయిపోయేది. ఏం పోయేది నాది? ఇంత మనిషినై, సుద్దగీత గీసి ఆజ్ఞలు వేసినవాణ్ణి, ఆ ముక్క చెప్పడానికి నోరు రాలేదు.

మరుసటి ఏడు అడక్కుండానే జాడీ తీసి ఇచ్చాను. గొప్పపని చేసినట్టు ఎండలో కూడా నేనే పెట్టాను. అమ్మ ఆవకాయ పెట్టింది. మూడో రోజు తిరగకలిపి ఉప్పు చూడడం ఆనవాయితీ. ఎప్పుడూ తన నాలుక మీద వేసుకుని తలూపి మూత పెట్టేసే మనిషి, ఆ రోజు పక్కింటావిడను పిలిచింది.

"కాస్త ఉప్పు చూడవే అమ్మా. నాకు చెయ్యి తప్పుతోందంట."

సరిపోయిందని ఆవిడ అంది. నా భార్యకు పెట్టింది. తనూ అదే మాట. చివరికి ఒక ముక్క అరచేతిలో పెట్టుకుని నా దగ్గరికి వచ్చింది. నోట్లో వేసుకున్నాను. ఎప్పటి ఆవకాయే, వంక పెట్టడానికేం లేదు.

"సరిగ్గా ఉందమ్మా" అన్నాను.

ఆవిడ నా మొహంలోకి చూసి, లోపలికి వెళ్లి, ఇంకో రెండు దోసిళ్ల ఉప్పు పోసి కలిపేసింది.

ఆ ఏడాదంతా మేము తిన్నది ఉప్పే. ఎవ్వరం నోరెత్తలేదు. తన వాటా పట్టుకెళ్లిన చెల్లెలు నెల తర్వాత ఉత్తరం రాసింది, ఆవకాయ ఎప్పటిలాగే బ్రహ్మాండంగా కుదిరిందని, తన అత్తగారు కూడా మెచ్చుకున్నారని అమ్మతో చెప్పమని. అమ్మ సంతోషిస్తుందని ఉత్తరం పైకి చదివి వినిపించాను. అమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతూ వింది.

"పిచ్చిది, నేను బాధపడతానని అలా రాసింది. చెయ్యి తప్పుతోందని ఉన్నదున్నట్టు చెప్పింది నువ్వొక్కడివే నాయనా" అంది.

ఉత్తరం మడిచాను. అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు.