ఫిలోమినా సిస్టర్ మీద నేను చేసిన ఫిర్యాదు

నిన్న బేతమంగళం బస్సులో నా పక్కన కూర్చున్న ఆవిడ చిన్న సీసా తీసి మోకాళ్ళకు నీలగిరి తైలం రాసుకుంది. కిటికీ అద్దం ఇరుక్కుపోయి తెరుచుకోలేదు. ముందు సీటువాళ్ళు వెనక్కి తిరిగి ముక్కు చిట్లించారు. నేను మాత్రం దిగవలసిన చోటు దాటిపోయినా గమనించకుండా ఆ వాసన పీలుస్తూ కూర్చున్నాను. ఫిలోమినా సిస్టర్ వస్తోందంటే ఆమె కంటే ముందు వరండాలోకి ఈ వాసన వచ్చేది. బంగారు గనుల ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి, గనులు మూతపడ్డాక రాబర్ట్‌సన్‌పేట అవతల ఒక వృద్ధాశ్రమాన్ని నడిపిన మనిషి ఆమె. డబ్బు పెట్టే ట్రస్టువాళ్ళు బెంగళూరులో ఉండేవారు. ఇక్కడ చెల్లేది మాత్రం ఆమె మాటే. ఆమె కింద నేను కార్యాలయం పని చూసుకునేవాణ్ణి.

ఆ ఉద్యోగంలో చేరడం నాకు తేలిక కాలేదు. మాది బైరకూరు వైపు జోడీదారుల కుటుంబం. మహారాజుల కాలంలో ఒక ఊరి శిస్తంతా మా వాకిట్లోనే వసూలయ్యేదట. నా దాకా వచ్చేసరికి మిగిలినవి ఆ పేరు, పైకప్పు కూలిన లోగిలి, నిటారుగా కూర్చునే అలవాటు. మొదటి రోజు సిస్టర్ ఎదుట అలాగే కూర్చున్నాను. ఆమె కళ్ళజోడు పైనుంచి నన్ను కాసేపు చూసింది. “వీపు ఆనించి కూర్చోప్పా జోడీదారా. ఈడ నీకు కప్పం తెచ్చేవాళ్ళు ఎవరూ లేరు” అంది. నాకు చెవులు వేడెక్కాయి. అయినా వీపు ఆనించలేదు. ఆమె నవ్వి కాఫీ తెప్పించింది. ఆ పేరు మాత్రం నాకు స్థిరపడిపోయింది.

ఆ కాఫీ అయ్యేలోపే తన నియమం చెప్పింది. ఆశ్రమంలోని ఏ ముసలివాళ్ళ ఒంటి మీద కమిలిన మచ్చ కనిపించినా, ఎవరైనా ఉన్నట్టుండి ఒకరిని చూసి బెదురుతున్నా, చూసినవాళ్ళు ఆ రోజే జిల్లాలో వృద్ధుల సంక్షేమం చూసే అధికారికి ఫోన్ చేయాలి. ముందు మనలో మనం విచారించుకోవడం లేదు, సర్దిచెప్పడం లేదు. ప్రభుత్వ నిబంధనల్లో ఎంతుందో నాకు అప్పట్లో తెలియదు గాని, ఆమె దగ్గర మాత్రం దీనికి మినహాయింపు ఉండేది కాదు. నాకు అది నచ్చలేదు. ఇంటి మాట గడప దాటకూడదని నేర్పిన ఇంట్లో పెరిగినవాణ్ణి. మా లోగిలిలో ముసలివాళ్ళకు మంచి జరిగినా చెడు జరిగినా తలుపుల వెనకే జరిగేది. రుజువు లేకుండా ఒకరి పేరు బయటపెట్టడం న్యాయమా అని అడిగాను.

ఆమె కోపగించుకోలేదు. వాళ్ళ నాన్న గనిలో లోపలి పని చేసేవాడట. పని మొదలుపెట్టే ముందు ఇనుప కడ్డీతో పైనున్న రాతిని కొట్టి చూసేవాళ్ళట. శబ్దం బోలుగా వినిపిస్తే విన్నవాడు వెంటనే అరవాలి, అందరూ పక్కకు వచ్చేయాలి. చాలాసార్లు ఆ రాయి పడేది కాదు. అయినా అరిచినవాణ్ణి ఎవరూ ఎగతాళి చేసేవాళ్ళు కాదట. “రాయి పడతాదా పడదా అని తేల్చేది ఇంకొకరి పని. శబ్దం విన్నోడు చెప్పాల, అంతే. పడినాక చెప్పేదానికి కింద ఎవరు మిగుల్తారప్పా?” అంది. మాట బాగుందనిపించింది. కాని అది గనివాళ్ళ సంగతి, మా బోటివాళ్ళకు వర్తించదని లోపల అనుకున్నాను.

తర్వాత రెండు మూడేళ్ళకు చెంగమ్మగారు ఆశ్రమంలో చేరారు. ములబాగిలు బజారులో ధాన్యం వ్యాపారం చేసిన కుటుంబం. మడి, ఆచారం గట్టిగా పట్టిన మనిషి. తన రాగి చెంబు ఇంకొకరు ముట్టుకుంటే నీళ్ళు పారబోసి మళ్ళీ తోమించేవారు. సిస్టర్ ముట్టుకుంటే రెండుసార్లు తోమించేవారు. సిస్టర్‌కూ నోరు తక్కువ కాదు. స్నానం రోజున వాళ్ళిద్దరి వాదులాట వంటింటి దాకా వినిపించేది. నీ చెంబును ఏసుప్రభువు కూడా ముట్టుకోడులేమ్మా అని ఈమె, ముట్టుకుంటే ఆయన చేతనే తోమిస్తానని ఆమె. మేమంతా నవ్వుకునేవాళ్ళం.

ఒక ఉదయం నేను మందుల చీటీ చదివి వినిపించడానికి వెళ్ళినప్పుడు చెంగమ్మగారి చీర కొంగు జారింది. భుజానికి కాస్త కింద నాలుగు వేళ్ళు పట్టినట్టు నల్లగా కమిలి ఉంది. ఎలా అయిందని అడిగితే ఆమె గోడవైపు తిరిగారు. మళ్ళీ అడిగాను. “సిస్టరు పట్టుకునింది. గట్టిగా పట్టుకునింది. ఇంగ నన్నేమీ అడగొద్దు నాయనా” అన్నారు. గొంతులో రోజూ ఉండే పొగరు లేదు.

ముందురోజు స్నానాల గదిలోంచి సిస్టర్ గొంతు పెద్దగా వినిపించిన సంగతి నాకు గుర్తుంది. సాయం చేసే అమ్మాయి ఆ రోజు సెలవు. లోపల వాళ్ళిద్దరే ఉన్నారు. సిస్టర్ అటువంటిది చేయదని మనసు చెబుతోంది. కాని ఆమె కోపం నేను చూసిందే. ఆ చెంబు గొడవ రోజూ ఎంత గుచ్చి ఉంటుందో నేను ఊహించగలను. నేను నోరు మూసుకుంటే చెంగమ్మగారు మళ్ళీ అదే గదిలోకి, అవే చేతుల్లోకి వెళ్ళాలి. నోరు విప్పితే ముప్పై ఏళ్ళు రోగుల్ని ఎత్తి దించిన మనిషి పేరు మట్టిలో కలుస్తుంది.

నేను ఫోన్ దగ్గరికి వెళ్ళలేదు. నేరుగా సిస్టర్ గదికి వెళ్ళాను. ఒకరి మీద చెప్పవలసింది ముందు వాళ్ళ ముఖం మీదే చెప్పాలి, చాటున చెప్పడం నీచం అనుకునే వంశం మాది. నిలబడే చెప్పాను. ఆమె ముఖం పాలిపోయింది. తన చేతుల వంక చూసుకుంది.

“ఫోన్ చేసినావా?”

“ఇంకా లేదు సిస్టర్. ముందు మీతో చెప్పడం మర్యాద కదా అని.”

“నీ మర్యాద నాకు, దెబ్బ ఆమెకు. అంతేనాప్పా?” అంది. గొంతు పెంచలేదు. “నేను చెడ్డదాన్నయితే ఈపాటికి ఆమె మంచం దగ్గరికి పోయి నోరు మూయించేదాన్ని. నువ్వే దారి ఇచ్చినావు.”

అసలు ఏం జరిగిందో చెప్పమని అడిగాను. నిజానికి బతిమాలాను. ఆమె తల అడ్డంగా ఊపింది. “నేను ఏం చెప్పినా నువ్వు నమ్ముతావు. అందుకే నీతో చెప్పను” అని తాళాలగుత్తి బల్లమీద పెట్టి, గొడుగు తీసుకుని ఇంటికి వెళ్ళిపోయింది. అప్పుడు ఫోన్ చేశాను. అధికారికి ఆమె పేరు చెబుతున్నప్పుడు నా నాలుక నాది కాదనిపించింది.

విచారణ సాగినన్నాళ్ళూ నాతో ఎవరూ సరిగా మాట్లాడలేదు. వంట చేసే మునిలక్ష్మి నా కంచంలో అన్నం పెట్టి, జోడీదార్లు తిన్న ఇంటినే పట్టిస్తారని తెలిసుంటే ఉప్పు తక్కువ వేసేదాన్నని పక్కవాళ్ళకు చెప్పింది. ఆండర్సన్‌పేటలో సిస్టర్ వెళ్ళే చర్చి దగ్గర కూడా నా పేరు చెడ్డగా వినిపించింది. నేను తల వంచలేదు. సిస్టర్ తప్పు చేసిందని తేలినా, చేయలేదని తేలినా నేను ఆమెను పోగొట్టుకున్నట్టే అనుకున్నాను.

జిల్లా నుంచి వచ్చిన అధికారిణి తలుపు వేసుకుని చెంగమ్మగారితో ఒంటరిగా చాలాసేపు కూర్చుంది. మర్నాడు డాక్టరును వెంటబెట్టుకుని మళ్ళీ వచ్చింది. సంగతి అప్పటికి బయటపడింది. స్నానాల గదిలో చెంగమ్మగారు కాలు జారారు. సిస్టర్ అరుస్తూ వెళ్ళి భుజం ఒడిసి పట్టుకుంది. రక్తం పలచబడే మాత్రలు వేసుకునే ఒళ్ళు కాబట్టి మర్నాటికి నల్లగా తేలింది. జారిన మాట తెలిస్తే ఇక తనను మంచం దిగనివ్వరని, అన్నీ మంచం మీదే చేయిస్తారని ఆమె భయం. అందుకే పట్టుకున్న చేతిని చెప్పి, జారిన కాలిని దాచుకున్నారు. ఇకపై ఏ ఒక్కరూ ఒంటరిగా స్నానం చేయించకూడదని అధికారిణి ఆదేశించింది. ఆ మాట విన్నాక నేను వెనక పెరట్లోకి వెళ్ళి నీళ్ళ తొట్టి గట్టు మీద కూలబడ్డాను. జీవితంలో మొదటిసారి నడుం వంచి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, ఊపిరి తిరిగేదాకా అలాగే ఉన్నాను.

సిస్టర్ తిరిగివచ్చిన రోజు ముందు చెంగమ్మగారి మంచం దగ్గరికే వెళ్ళింది. ఆవిడ ముడుచుకుపోయి, నీ పేరు నేనే చెప్పినానమ్మా అన్నారు. “మంచిపని చేసినావు. మళ్ళా నొప్పి అయితే మళ్ళా చెప్పు, నేనని చూడొద్దు” అంది సిస్టర్. అధికారిణితో మాట్లాడి నడిచేదానికి చేతికర్ర ఏర్పాటు చేస్తానని, మంచానికి కట్టిపడేయనని కూడా చెప్పింది. చెంగమ్మగారు ఏడ్చారు. తర్వాత సిస్టర్ నా బల్ల దగ్గరికి వచ్చింది. క్షమాపణ చెప్పాలని లేచాను. ఆమె చెప్పనివ్వలేదు. “నేను ఇంటికాడ నిద్రపోయినాను జోడీదారా. నేను లేకున్నా ఈడ చూసేవాళ్ళు ఉండారని నిద్రపోయినాను” అని తాళాలగుత్తి అందుకుంది.

ఆమె పోయి ఇప్పటికి చాలా కాలమైంది. ఆశ్రమం నేనే చూసుకుంటున్నాను. ఫోన్లు మేము చాలానే చేశాం. కొన్ని రాళ్ళు పడ్డాయి, కొన్ని పడలేదు. ఎవరు నిజం, ఎవరు అబద్ధం అని ఒక్కణ్ణే కూర్చుని తేల్చే బరువు నా మీద లేదని తెలిశాక, ఈ పని ఇన్నేళ్ళు చేయగలిగాను. కొత్తగా పనిలో చేరినవాళ్ళను నా గదిలో కూర్చోబెట్టి, నా మీద అనుమానం వస్తే నాకు చెప్పవద్దని, నన్ను అడగవద్దని, నేరుగా జిల్లాకు ఫోన్ చేయమని చెబుతాను. వాళ్ళు తెల్లబోయి చూస్తారు. మా వంశంలో ఎవరూ తమ కింద పనిచేసేవాళ్ళతో ఇటువంటి మాట అని ఉండరు. అన్న ప్రతిసారీ నాకు మెడ తేలికగా ఉంటుంది.