పెద్దమ్మ మోకాలికి నేనిచ్చిన సర్టిఫికెట్

ఆ రోజుల్లో, అంటే రాజమండ్రి దగ్గర ఎంటెక్ వెలగబెడుతున్న రోజుల్లో, కంప్యూటర్ చెప్పిందంటే ఇక తిరుగులేదని నా నమ్మకం. నా ప్రాజెక్టు మోకాలి కీలు మీద. బరువు పడినప్పుడు కీలులో ఎక్కడెంత ఒత్తిడి ఉంటుందో లెక్కకట్టి రంగుల బొమ్మగా చూపించాలి. తక్కువైతే నీలం, ఎక్కువైతే ఎరుపు. ఆత్రేయపురంలో పూతరేకులు తీసే మా పెద్దమ్మకు కుడి మోకాలు నొప్పి. ఆవిడ కొడుకు, మా అన్నయ్య, ఎముకల డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ కూడా తీసుకున్నాడు. నేనూరుకుంటేనా! ఆవిడ బరువు కనుక్కుని నా మోడల్లో వేశాను. బొమ్మంతా నీలమే. లాప్‌టాప్ చంకన పెట్టుకుని బస్సెక్కి వెళ్ళి, “నీ మోకాలు దివ్యంగా ఉంది పెద్దమ్మా, డాక్టరెందుకు?” అన్నాను. “మరి నొప్పెవరికిరా, నీ కంప్యూటర్‌కా?” అందావిడ. అన్నయ్య మాత్రం, “ఎంటెక్ చదివేవోడు ఊరికే చెప్తాడేంటమ్మా” అని అపాయింట్‌మెంట్ రద్దు చేసేశాడు. (పాపం, మా ఇళ్ళల్లో ఇంజనీరును నేనొక్కణ్ణే.)

నెల తిరిగేసరికి ఆవిడ గోడ పట్టుకుంటే గానీ లేవలేకపోతోందని తెలిసి పరుగెత్తాను. బోర్లించిన కుండ ముందు, చిన్న పీట మీద, కుడికాలు పూర్తిగా మడిచి, బరువంతా అటే వేసి రేకు తీస్తోంది. పొద్దున్న కూర్చుంటే మధ్యాహ్నం దాకా అంతే. నా మోడల్లో మనిషేమో పెరేడ్‌లో జవానులా నిటారుగా నిలబడి ఉన్నాడు! ఆ లెక్కలు ఏదో విదేశీ పరిశోధన పేపర్లోంచి దించినవి. వాటికి పూతరేకుల కుండ తెలియకపోవడం వాటి తప్పు కాదు. చిన్నప్పటినుంచీ ఆ రేకులు తింటూ, ఆవిడెలా కూర్చుంటుందో ఒక్కసారీ చూడని తప్పు నాది.

“నిన్ను నిలబెట్టి లెక్కకట్టాను పెద్దమ్మా” అని ఒప్పుకున్నాను. “నిలబడితే రేకెవడు తీస్తాడ్రా? ఇలా వచ్చి కూచో” అంది. పది నిమిషాల్లో కాలు తిమ్మిరెక్కి నేను లేవలేకపోతే, ఆవిడే గోడ పట్టుకుని లేచి నాకు చెయ్యందించింది.

మర్నాడే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన చూసి, “ఇంకొన్నాళ్ళు ఆగుంటే ఆపరేషనేనండి. ముందే రాకుండా ఎవరాపారండి మిమ్మల్ని?” అని గద్దించాడు. నేను నేలచూపులు చూస్తున్నాను. పెద్దమ్మ తడుముకోకుండా, “చేతినిండా ఆర్డర్లండి, నాకే తీరలేదండి” అనేసింది.

తరువాత మోడల్లో మనిషి కాలు మడిచి మళ్ళీ లెక్కకడితే మోకాలి చిప్ప వెనకంతా ఎర్రగా వచ్చింది. ఆ బొమ్మతోనే పట్టా పుచ్చుకున్నాను. థీసిస్‌లో గైడుగారికీ, ల్యాబుకూ కృతజ్ఞతలు రాసి, ఆవిడ పేరు మరిచాను. పొయ్యి ఎత్తు పెంచి, కుర్చీ వేశాక ఆవిడ ఇప్పటికీ రేకులు తీస్తూనే ఉంది. ఈ మధ్య అడిగాను, “ఆ రోజు నా పేరెందుకు చెప్పలేదు?” అని.

“చెప్తే అక్కడే ఏడ్చేసేలా ఉన్నావు. ఆయన ఎముకల డాక్టరాయె, నిన్నెవరికి చూపించనురా?” అని నవ్వింది. నేనూ నవ్వాను, కళ్ళు తుడుచుకుంటూనే.