అసలుకు చేరని డబ్బు

అమ్మ కుడి మోకాలి ఆపరేషన్‌కి నా పేరు మీద పర్సనల్ లోన్ తీసుకున్నాను. ఎడమ మోకాలు కూడా అరిగిపోయిందని డాక్టర్ అప్పుడే చెప్పాడు. "ముందుగాల ఈ అప్పు తీరనీ. గప్పుడు చూద్దాం గా కాలు సంగతి," అంది అమ్మ. ఆ మాటతో నాకు తొందర పట్టుకుంది.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ ఆఫీసులో పనిచేస్తాను. ఆదివారాలు పరీక్షల డ్యూటీ చేస్తే విడిగా డబ్బులిస్తారు. అవి చేతికి రాగానే, ఈఎంఐ కాక అదనంగా, ఫోన్‌లోంచి లోన్ ఖాతాకు పంపేసేదాన్ని. పాత పుస్తకాల కోసం కోఠి వెళ్లడం కూడా మానేశాను.

మా కొత్తపేట గల్లీలో చిట్టీ నడిపే ఆంటీకి ఎప్పుడు ఎంత ఎక్కువిచ్చినా "జమ చేసుకున్న బిడ్డా" అని బాకీలోంచి కొట్టేస్తుంది. బ్యాంకూ అంతే అనుకున్నాను. ఎవరినీ అడగలేదు. అడగడం నాకు రాదు. షేర్ ఆటోలో దిగాల్సిన చోటు వచ్చినా, పక్కవాళ్లెవరైనా "ఆపు భయ్యా" అంటారేమోనని చూసే మనిషిని.

ఒకరోజు ఆఫీసులో భోజనం చేస్తూ లోన్ స్టేట్‌మెంట్ తెరిచాను. అసలు మొత్తం ఈఎంఐలతో తగ్గాల్సినంతే తగ్గింది. నేను పంపినదంతా అడ్వాన్స్ అనే పేరుతో ఒక మూల పడి ఉంది. టిఫిన్ డబ్బా మూత పెట్టేశాను. అమ్మ గోడ పట్టుకుని మెట్లెక్కుతున్నప్పుడల్లా, అప్పు తీరడానికి ఇంకెంతో కాలం లేదులే అనుకుంటూ వచ్చాను.

మర్నాడు పర్మిషన్ పెట్టి ఎల్‌బీ నగర్ బ్రాంచికి వెళ్లాను. అడగాల్సిన వాక్యాన్ని రాత్రే డైరీలో రాసుకున్నాను, మెట్రోలో వల్లించుకున్నాను. కౌంటర్ ముందుకు రాగానే దాని తల ఒకచోట, తోక ఒకచోట పడ్డాయి. లోన్లు చూసే మేడమ్ కోస్తా వైపు మనిషి. ఎలాగో అర్థం చేసుకుంది.

"ఊరికే వేసేస్తే అసలుకు పోతుందని ఎవరు చెప్పారమ్మా మీకు? అది రాబోయే వాయిదాల కింద ఉండిపోతుంది. అసలుకు కట్టాలంటే రాసివ్వాలి."

"మా చిట్టీ ఆంటీ అట్లనే..."

"అయితే లోను కూడా ఆవిడ దగ్గరే తీసుకోవాల్సింది!" అని నవ్వింది. "సరే, వాయిదా తగ్గించమంటారా, నెలలు తగ్గించమంటారా? చాలామంది వాయిదానే తగ్గించుకుంటారు. చేతిలో నాలుగు రూపాయలు ఆడతాయి కదా."

నా వెనక ఎవరో గొంతు సవరించుకున్నారు. చెవులు వేడెక్కాయి.

"నెలలు," అన్నాను. వినపడలేదేమోనని మళ్లీ అన్నాను. "నెలలే తగ్గించండి మేడమ్." అడ్వాన్స్‌లో ఉన్నదంతా అసలుకు మార్చమని ఆమె ఇచ్చిన కాగితం మీద రాసిచ్చాను.

ఇంటికొచ్చేసరికి అమ్మ చిక్కుడుకాయలు తుంచుతోంది. బతుకమ్మ దాకా సాగాల్సిన అప్పు బోనాలకే తీరిపోతుందని చెప్పాను. ఆమె చేతులు ఆగిపోయాయి.

"గంత తొందరగానా?"

సంతోషపడుతుందనుకున్నాను. అమ్మ తలెత్తలేదు.

"మత్తు దిగినంక ఎంత గోసైందో నాకే ఎరుక బిడ్డా. అప్పు ఉన్నన్ని రోజులు, ఇంకో ఆపరేషన్ ఇప్పుడే కాదులే అని జర ధైర్యంగ ఉంటి."

ఇన్నాళ్లూ నేను భయపడింది అప్పుకి. ఆమె భయం నాకు తట్టనేలేదు. పక్కన కూర్చుని నేనూ ఒక చిక్కుడుకాయ తీసుకున్నాను. తుంచిన కాయలు గిన్నెలో వేస్తూ అమ్మే అంది.

"ఈపారి నొప్పి తక్కువుండేటట్టు ఏమన్న చేస్తరా? డాక్టర్‌ను అడుగుతవా?"

"అడుగుత," అన్నాను. అని, డాక్టర్ ముందు చెప్పాల్సిన వాక్యాన్ని అప్పుడే మనసులో కూర్చుకోసాగాను.