కొండవైపు తిరగని కెమెరా

సాయంకాలం మా వీధి మొదట్లో మిల్లు వ్యాను ఆగుతుంది. పని ముగించుకొని దిగిన స్త్రీలు నా అరుగు ముందు నుంచి నడిచిపోయేటప్పుడు కొబ్బరినూనె వాసనా, పచ్చి నూలు వాసనా కలిసి కొంచెంసేపు గాలిలో నిలుస్తాయి. వాళ్ళు దాటిన తరువాత కూడా ఆ వాసన నన్ను విడిచిపెట్టదు. కాళిదాసాదులను ఏళ్ళ తరబడి చదువుకొన్నవాణ్ణి, పరిమళాలకు నా దగ్గర ఉపమానాల కొరత లేదు. అయినా ఈ వాసనకు ఉపమానం వెదకను. ఇది నాకు ఒక మనిషిని గుర్తు చేస్తుంది. ఆమె పేరు జానకమ్మ. ఉపమానాలంటే ఆమెకు సరిపడేది కాదు.

తమిళనాడులో రాజపాళయానికి దగ్గరనున్న సత్రపట్టిలో గాయాలకు కట్టే పలుచని గుడ్డ నేసే ఒక మిల్లుకు ఆమె మేనేజరు. నేను ఆ కార్యాలయంలో ఉత్తరాలు వ్రాసేవాణ్ణి. వయసులో నాకంటె పెద్దది గనుక నేను అక్కయ్య అనేవాణ్ణి, ఆమె నన్ను తమ్ముడూ అనేది. నేను చేరిన కొత్తలో, పాతబడిన మగ్గాలకు మరమ్మతు కావాలని యజమానికి వ్రాయమన్నది. నేను నిండు పుట మీద వినయాన్నంతా కుమ్మరించి, చివరి వాక్యంలో మగ్గాల ప్రసక్తి తెచ్చాను. చదివి కాగితం బల్ల మీద పడేసింది.

"ఏమి తమ్ముడూ, ఇది లెటరా, పెళ్ళి పత్రికా? మొదలాళి దీన్ని చదివి ముగించేలోగా మగ్గం తుప్పు పట్టి రాలిపోతాది. ఏమి కావల్లనో అది మొదట రాయి. దండాలు కడపట పెట్టుకో."

మొదలాళి అంటే అక్కడ యజమాని. ఆ దినం నేను లోలోపల నొచ్చుకొన్నాను. కావలసినదాన్ని మొదటి వాక్యంలో అడగడం గౌరవభంగం కాదని నాకు తెలిసివచ్చింది ఆమె వద్దనే. అయితే అది కాగితం మీద నేర్చుకొన్న పాఠం కాదు.

ఆ మిల్లులో ఒక ఆచారం ఉండేది. షిఫ్టు ముగిసిన వెంటనే స్త్రీలు షెడ్డును ఆనుకొన్న వరండాలో ఒకరి వెనుక ఒకరుగా కూర్చొని కొప్పులు విప్పుకొనేవారు. నూలు పొట్టు తలల నిండా మంచు పడినట్టు అంటుకొని ఉండేది. వెనుక కూర్చున్నది ముందున్నదాని జుట్టును అరచేతితో తట్టి, విదిలించి, పాయలు తీసి, ఆ పొట్టును రాల్చేది. పైటలు జారేవి, ఇంటి గోడులూ జారేవి. ఆ సమయంలో గోదాము నుండి గేటుకు పోవలసిన మగవాడు ఎవడైనా ముందుగా దగ్గి, ముఖాన్ని పడమటి కొండవైపు తిప్పుకొని నడిచేవాడు. ఈ నియమాన్ని ఎవరూ గోడ మీద వ్రాయలేదు. పెద్ద యజమాని సైతం, లారీ లోడు పోతున్నా సరే, దగ్గి కొండను చూస్తూనే దాటేవాడు. అందుకే మా మిల్లు మగవాళ్ళకు కొండ మీది ప్రతి చరియా తెలుసునని జానకమ్మ ఎగతాళి చేసేది.

పెద్దాయన విశ్రమించి, కోయంబత్తూరులో ఉన్న కుమారుడు మిల్లు వ్యవహారం చేపట్టాడు. గోదాములో నూలు కండెలు తగ్గుతున్నాయని కెమెరా పెట్టించాడు. అందులో తప్పేమీ లేదు, జానకమ్మ కూడా మంచిదే అన్నది. మురుగన్ అనే సాంకేతికుడు వచ్చి గోడ మూలన ఒక్క నెట్‌వర్క్ కెమెరా బిగించి, కంప్యూటరులో దృశ్యాన్ని తెరిచాడు. దాని చూపు చాలా వెడల్పు. ఎడమన గేటు, నడుమ గోదాము తలుపు, కుడివైపున, ఏ కొరతా లేకుండా, ఆ వరండా.

జానకమ్మ చాలాసేపు చూసింది. "ఇది దగ్గుతాదా?" అని అడిగింది.

మురుగన్ తెల్లబోయాడు. "ఎన్న మా, ఏమంటారు?"

"కొండవైపు తిరుగుతాదా అని అడుగుతా ఉండాను."

"ఇది తిరిగే మాడల్ కాదు మా. ఫిక్స్. కావల్నంటే వ్యూ ఏరియాలు పెట్టుకోవచ్చు." అని అతడు వివరించాడు. ఒకే కెమెరా చూసే పెద్ద దృశ్యంలో నుండి కావలసినంత మేర గీత గీసి, దానికొక పేరు పెట్టి, విడి కెమెరా వలె చూపించవచ్చును. ఏ మనిషికి ఏ భాగం కనిపించాలో కూడా విడివిడిగా నిర్ణయించవచ్చును. ఆమె మౌసు తీసుకొని తానే గీసింది. గేటు చుట్టూ ఒక చతురస్రం. గోదాము తలుపు చుట్టూ మరొకటి. వరండా రెండింటికీ వెలుపల ఉండిపోయింది. కావలివాని తెరకు గేటు, మా కార్యాలయానికి గోదాము చేరాయి. ఆమె చేతులు దులుపుకొన్నది. మేమందరమూ తృప్తిపడ్డాము.

పొరపాటు అక్కడే జరిగింది. అది గుడ్డ నేసేవాళ్ళు మాత్రమే చేయగల పొరపాటు. మా వృత్తిలో థానును, అంటే నేసిన నిండు గుడ్డ చుట్టను, ముక్కలుగా కోస్తే ముక్కలే ఉంటాయి, థాను ఉండదు. కనుక చతురస్రాలు కోసిన పిమ్మట మొత్తం దృశ్యం మిగలదని ఆమె అనుకొన్నది. మాలో ఎవరికీ వేరే ఆలోచన రాలేదు. కొన్నాళ్ళకు చిన్న యజమాని ఫోను చేసి, లోడు సంగతులు మాట్లాడి, చివరన అన్నాడు: "ఆంటీ, ఆ వరండాలో ఆకుపచ్చ చీర ఆమె జుట్టు విప్పుకొని కూర్చుంటే లేచేదే లేదు. కొంచెం చూసుకోండి."

ఫోను స్పీకరులో ఉంది. జానకమ్మ ఫోను పెట్టేసి వెంటనే మురుగన్‌ను పిలిపించింది.

"ముక్కలు కోసినా నిండు చిత్రం అట్లే ఉంటాది మా" అన్నాడతడు. "దాన్ని వేరేగా మూయల్ల. సార్ ఫోనులో అది తెరిచే ఉండాది."

"గుడ్డ కోసి కోసి నా బుద్ధి కూడా గుడ్డ బుద్ధి అయిపోయినాది" అని ఆమె తన నెత్తిన తానే కొట్టుకొన్నది. ఆ పూటనే నిండు దృశ్యాన్ని అందరికీ మూయించింది. యజమాని ఫోనుకు గేటూ గోదామూ మాత్రమే మిగిలాయి. రికార్డింగు కూడా ఆ రెండు భాగాలకే పరిమితమైంది. అడ్మిన్ పాస్‌వర్డు మార్పించి, తన మనసులో పెట్టుకొన్నది.

చిన్న యజమాని మండిపడ్డాడు. మిల్లు తనది, కెమెరా తనది, ఆ పాస్‌వర్డు కూడా తనదేనన్నాడు.

"మిల్లు నీది తంబీ, కెమెరా నీది. వాళ్ళ తల వాళ్ళది" అన్నది జానకమ్మ.

పాస్‌వర్డు ఇవ్వకుంటే సోమవారం నుండి రానక్కరలేదని అతడు చెప్పాడు.

"నేను వస్తాను. నువ్వూ రా. చూడల్లనంటే ఎదురుగా వచ్చి చూడు."

ఫోను పెట్టేసిన తరువాత నేను నా స్వభావం కొద్దీ రాజీ మార్గం వెదికాను. "అక్కయ్యా, ఆడవాళ్ళను వెనుక షెడ్డుకు మార్చితే గొడవే ఉండదు కదా?"

ఆమె నావైపు తిరిగిన తీరు ఇప్పటికీ నా కళ్ళ ముందున్నది. "చూసేది కెమెరా. లేచిపోయేది వాళ్ళా?"

సోమవారం అతడు కారులో వచ్చాడు. షిఫ్టు గంట మోగే వేళకు జానకమ్మ ప్రాంగణం నడుమ, వరండాకు ఎదురుగా, కుర్చీ వేయించింది. "కూర్చో తంబీ. ఫోనులో చిన్నదిగా కనిపిస్తాది. ఇక్కడ బాగా కనిపిస్తాది." అతడు పౌరుషానికి కూర్చున్నాడు. స్త్రీలు బయటికి వచ్చి, అతణ్ణి చూసి ఆగారు. ఆకుపచ్చ చీర కట్టుకొనే పేచ్చియమ్మ ముందుకు వచ్చింది.

"ఏమి మొదలాళీ, మా తలలో పేన్లు లెక్క పెట్టేదానికి అంత దూరం నుంచి వచ్చినావా? రా, దువ్వెన ఇస్తాను."

నవ్వులు పేలాయి. తరువాత నవ్వు ఆగిపోయింది. రోజూ గోడవైపు తిరిగి కూర్చొనేవాళ్ళు ఆ దినం అతనివైపు తిరిగి వరుసగా కూర్చొని, కొప్పులు విప్పి, కళ్ళు దించకుండా చూస్తూ, ఒకరి తల ఒకరు తట్టడం మొదలుపెట్టారు. తెల్లని పొట్టు లేచి గాలిలో తేలింది. అరచేతుల చప్పుడు తప్ప మరేమీ వినబడలేదు. అతడు కూర్చోలేకపోయాడు. లేచి నిలబడి, తండ్రి వలెనే, దగ్గాడు. ముఖం కొండవైపు తిప్పుకొన్నాడు.

"సరి ఆంటీ, అట్లే ఉండనీయండి" అన్నాడు, కొండతో చెప్పినట్టుగా.

జానకమ్మ అంతటితో విడువలేదు. నోటిమాట చాలదన్నది. అతని ఎదుటనే మురుగన్ చేత పాస్‌వర్డు మార్పించింది. మొదటి సగం మేనేజరు కొట్టాలి, రెండవ సగం పేచ్చియమ్మ కొట్టాలి. ఇద్దరూ కలిసి ఒప్పుకొంటే తప్ప ఆ నిండు దృశ్యం ఎవరికీ తెరుచుకోదు.

ఆ తెగువకు ఫలం ఆమెకు అందింది. మరుసటి ఏడు ఆమె కొలువును పొడిగించలేదు. పూలదండా, శాలువా, ఒక ఫోటో, అంతే. గేటు దాటుతూ, "నా సగం కొత్తవానికి చెప్పినాను తమ్ముడూ. రెండో సగం అడిగితే పేచ్చియమ్మ దువ్వెన చూపిస్తాదిలే" అని నవ్వింది. కొత్త మేనేజరు అడిగాడనీ, పేచ్చియమ్మ నిజంగానే దువ్వెన చూపిందనీ తరువాత విన్నాను. వరండా అక్కడే ఉంది. జానకమ్మ నిరుడు కాలం చేసింది.

ఈ నెల మా వీధి సంఘంవారు స్తంభం మీద కెమెరా బిగించారు. సంఘం గదిలో తెర ముందు కుర్చీలో కూర్చొని చూస్తే వీధితో బాటు ఎదురింటి పెరడంతా కనిపిస్తున్నది. అక్కడ ఆ ఇంటి ముసలావిడ తలంటుకొని జుట్టు ఆరబెట్టుకొంటుంది. కెమెరా బిగించిన పనివానితో మొదట నిండు దృశ్యాన్ని మూయమనీ, తరువాత వీధి మేరకు మాత్రమే గీత గీయమనీ చెప్పాను.

సంఘాధ్యక్షుడు విసుక్కొన్నాడు. "మన వీధిలో దాచేది ఏముండాది పెద్దాయనా? పెద్ద చదువులు చదివినారు, మీరే ఇట్లా అడ్డం పడితే ఎట్లా?"

పూర్వమైతే ముందుగా నాలుగు వినయవాక్యాలు పేర్చేవాణ్ణి. "ఆ పెరడు తెరలో నుంచి పోవాలి" అన్నాను. "పోయేదాకా నేను ఈ కుర్చీలో నుంచి లేవను."

దండాలు తరువాత పెట్టాను, పని పూర్తయిన పిమ్మట.