పెద్దమ్మ అడిగి తాగిన నీళ్ళు

మొన్న ఆదివారం ఆరాధన ముగించుకుని ఇంటికొచ్చి కళ్ళజోడు పెట్టుకుని ఫోను చూస్తే, మా సంఘం యువజనుల గ్రూపులో నుంచి ఒక మెసేజి వచ్చి ఉంది. పంపినవాడు నా తోడికోడలి మనవడే. వచ్చే శనివారం తిరుపతి నుంచి బస్సు మాట్లాడుకుని బంగారుపాళ్యం పక్క పల్లెలకు ప్రేమ పరిచర్యకు, అంటే పేదల ఇళ్ళకు పొట్లాలు పంచడానికి వెళుతున్నారట, అందరూ ఒకే రంగు టీషర్టు వేసుకోవాలట, ఇంటింటి ముందు రెండేసి ఫొటోలు తీయాలట, ఎవరి నీళ్ళ సీసా వాళ్ళే తెచ్చుకోవాలట, ఆ ఇళ్ళల్లో ఎవరేమిచ్చినా తినకూడదు, తాగకూడదట. చిన్న చిన్న పనులతో ప్రేమ ఎలా చూపించాలో, పాతకాలపు మిషను నర్సయిన అవ్వ పది నిమిషాలు చెబుతుందని చివర్లో నన్ను కూడా ఇరికించాడు.

ఆ నీళ్ళ మాట దగ్గరికి వచ్చేసరికి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఫోను మంచం మీద పడేసి వంటింట్లోకి పోయి ఊరికే గిన్నెలన్నీ దబదబా సర్దాను. కోపం ఆ పిల్లల మీదేనా అంటే, అంతా వాళ్ళమీదే అని చెప్పడానికి నాకు నోరు రాదు. ఎందుకు రాదో నా ఈడువాళ్ళకు చెబితే అర్థమవుతుందని ఇది రాస్తున్నాను.

మా పెద్దమ్మ, అంటే అమ్మకు అక్క, చిత్తూరు దగ్గర ఒక మిషను ఆసుపత్రిలో కుష్టు రోగులను చూసే నర్సు. నా నర్సు చదువు అయీ అవకముందే నన్ను తన దగ్గరికి పిలిపించుకుంది. వారానికి రెండు రోజులు జీపులో పల్లెల మీదికి పోయి, రోడ్డు పక్క చింతచెట్టు నీడలో బల్ల వేసుకుని మాత్రలు ఇచ్చేవాళ్ళం. అంతదూరం నడిచి రాలేనివాళ్ళ ఇళ్ళకు మేమే వెళ్ళేవాళ్ళం. ఆ జబ్బులో కాలికి తిమ్మిరెక్కి, ముల్లు దిగినా నిప్పు తొక్కినా తెలియదు కాబట్టి, అరికాలిలో పుండు పడితే అది ఎముక దాకా పోయినా మనిషికి నొప్పి ఉండదు. అందుకని వారం వారం కాళ్ళు నీళ్ళలో నానబెట్టి, గట్టిపడిన తోలు గీకి, నూనె రాసి, పుండుకు కట్టు కట్టి రావాలి. చూడబోతే చిన్న పనే, కానీ ఒక్క వారం తప్పితే కాలే పోవచ్చు.

ఇందులో పెద్దమ్మకు ఒక పద్ధతి ఉండేది. ఏ ఇంటికి పోయినా మందుల సంచి విప్పకముందే వాకిట్లో కింద చతికిలబడి, నీళ్ళు అడిగేది. దాహం ఉన్నా లేకపోయినా సరే. వాళ్ళ చెంబులో, వాళ్ళ చేతి నీళ్ళు, ఎత్తిపెట్టి పోసుకోవడం కాదు, అంచుకు పెదవి ఆనించి తాగేది. సగం తాగి మిగిలింది నాకిచ్చేది. నేను మూతి తడుపుకుని తాగినట్టు నటించేదాన్ని. నీళ్ళతో ఆ జబ్బు అంటదని పుస్తకాల్లో చదివిందంతా బుర్రలో ఉన్నా, భయం పోయేది కాదు.

ఇక్కడ ఇంకోమాట చెప్పకపోతే నా కడుపు మంట చల్లారదు. మా గుడిలో ప్రేమ గురించి గొంతు చించుకుని పాడే పెద్దలే ఈ రోగులకు తలుపు దగ్గర విడిగా చాప వేయించారు, ప్రభు భోజనంలో ద్రాక్షరసానికి వాళ్ళకు వేరే గిన్నె పెట్టించారు. పెద్దమ్మ ప్రతి ఆదివారం పోయి ఆ చాప మీదే కూర్చునేది. ఎవరూ ఆమెను ఏమీ అనలేకపోయారు, అలాగని చాప కూడా తీయలేదు.

బంగారుపాళ్యం దగ్గర మామిడితోపులో కూలికి పోయే ఒకామె ఉండేది. పెద్దమ్మ ఆమెను వదినా అని పిలిచేది కాబట్టి నాకు అత్త. ఒంటరి మనిషి, కుడి అరికాల్లో పుండు. మేమొచ్చే రోజున వాకిలి ఊడ్చి, సత్తు చెంబును బూడిద పెట్టి తళతళలాడేలా తోమి, నీళ్ళు ముంచి సిద్ధంగా ఉంచేది. పెద్దమ్మ జీపు దిగుతూనే, “వదినా, గొంతెండిపోతా ఉండాది, రోంత నీళ్ళియ్యి” అని కేకేస్తే, ఆమె ముఖం విప్పారేది. ఆ జబ్బు వచ్చాక ఆమె చేతి నీళ్ళు తాగినవాళ్ళు ఊళ్ళో ఎవరూ లేరు.

అలాంటి రోజుల్లో పెద్దమ్మకు టైఫాయిడ్ వచ్చి నెలన్నర మంచం పట్టింది. నేనొక్కదాన్నే పోవలసివచ్చింది. మొదటి వారం అత్త ఇంటికి పోతే ఎప్పటిలాగే చెంబు నా చేతికిచ్చి, పీట తేవడానికి లోపలికి వెళ్ళింది. ఆమె అటు తిరగగానే నేను ఆ నీళ్ళను గోడవార పారబోశాను. అలికిన నేల మీద ఆ తడి ఎంత మేర పరుచుకుందో నాకు ఈనాటికీ కళ్ళకు కట్టినట్టు ఉంది. ఆమె పీట తెచ్చి వేసింది, ఆ తడిని చూసింది, నన్ను చూసింది. పీట ముందు కూర్చుని కాళ్ళు చాపింది.

మరుసటి వారం పోతే తలుపుకు గొళ్ళెం. ఆ తర్వాత ప్రతి వారమూ అంతే. కోతల కాలం కదా, తోపుకు పోయి ఉంటుందిలే అని సరిపెట్టుకున్నాను. తోపు పిలుపు దూరంలోనే ఉన్నా వెతకడానికి పోలేదు. పచ్చిగా చెప్పాలంటే, ఆ చెంబు తప్పినందుకు హమ్మయ్య అనుకున్నాను. పెద్దమ్మ అడిగితే పుండు మానుతోందని అబద్ధం చెప్పాను. దేవుని పని చేస్తున్నానని జేబుకు సిలువ బొమ్మ పెట్టుకుని తిరిగే మనిషిని, కళ్ళు ఆర్పకుండా చెప్పాను.

పెద్దమ్మ లేచి తిరగగలిగిన రోజునే ఆ ఇంటికి పోదామంది. అత్త కాలు పిక్క దాకా వాచి నల్లబడి ఉంది, వాకిట్లోకే వాసన కొడుతోంది. జీపులో పెద్దాసుపత్రికి తీసుకుపోతే, ప్రాణం దక్కాలంటే తప్పదని మోకాలి కింద తీసేశారు. ఎందుకు కబురు చేయలేదని పెద్దమ్మ ఎంత అడిగినా ఆమె నా పేరు చెప్పలేదు. నేనే చెప్పుకున్నాను. మూడోరోజు పెద్దమ్మ అన్నం వడ్డిస్తూ, “మందు ఎవురైనా ఇస్తారు మే. ఆ యమ్మకు మనకిచ్చేదానికి ఉండేదే ఆ సెంబుడు నీళ్ళు, దాన్ని పారబోసినావు” అంది.

వార్డుకు పోయి అత్త మంచం పక్కన నిలబడి ఏడ్చాను. ఫరవాలేదులే అంటుందని ఆశ పడ్డాను, సిగ్గులేకుండా. ఆమె పైకప్పు చూస్తూ చెప్పింది: “కోపం ల్యాదని యాల సెప్పాల? ఉండాది. నువ్వు సిన్నబిడ్డవి, బయపడినావు, అది నాకు తెలుసు. అయినా నా వాకిట్లో నా నీళ్ళు పారబోసినంక నీ సేత కాళ్ళు కడిగించుకుంటే, నేను బిచ్చగత్తెనే గదా.”

ఆ తర్వాత ఆమె కట్టెకాలుతో పదకొండేళ్ళు బతికింది. నేను వారం తప్పకుండా పోయి మిగిలిన కాలు కడిగి నూనె రాశాను. తోపు కబుర్లు చెప్పేది, నా పెళ్ళికి దీవించింది, నా బిడ్డలను ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. జీపు డ్రైవరుకు చెంబెడు నీళ్ళు తెచ్చి ఇచ్చేది. నాకు మాత్రం ఒక్కనాడూ ఇవ్వలేదు. అడగడానికి నాకూ ధైర్యం చాలలేదు.

నిన్న మనవడు వస్తే ఇదంతా చెప్పాను. వాడు బుద్ధిగా విని, “ఇప్పుడా జబ్బుకు మంచి మందులొచ్చినాయి గదా అవ్వా, మనం తాగకపోయినా ఎవురూ ఏమీ అనుకోరు” అన్నాడు. వాడు చెప్పింది నిజమే. మిషను ఆసుపత్రిలో ఆ విభాగం ఎప్పుడో మూతబడింది, తోపు ఉన్నచోట మామిడి గుజ్జు ఫ్యాక్టరీ లేచింది, పల్లెల్లో జనం ఇచ్చిన పొట్లం తీసుకుని, నిలబడమన్నచోట నిలబడి, ఫొటోకు నవ్వుతున్నారు. తన వాకిట్లో తనకొక మర్యాద ఉందని పదకొండేళ్ళపాటు నా మీద కోపం నిలుపుకున్న అత్తలాంటి మనిషి ఈ పిల్లలకు ఎక్కడ దొరుకుతుంది? శనివారం వాళ్ళకు అందరూ దండాలే పెడతారు. ఆ దండాలు అందుకుని, ప్రేమ చూపించి వచ్చామనుకుంటూ పొద్దు గూకకముందే తిరుపతి చేరుకుంటారు.